ఓకే అంటే "జీరో కిల్డ్" కాదు బాబాయ్

పోయిన నెల మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ ఒక ఫార్వర్డ్ పెట్టారు. అమెరికాలో అంతర్యుద్ధం జరిగేటప్పుడు సైనికులు సాయంత్రం క్యాంపుకి తిరిగొచ్చాక ఆ రోజు తమవైపు ఎవరూ చనిపోకపోతే బోర్డు మీద సున్నా వేసి పక్కన "కె" అని రాసేవాళ్లంట, సున్నా అంటే జీరో, కె అంటే కిల్డ్, అది చూడ్డానికి "ఓకే" లాగా ఉంటుంది కాబట్టి అప్పట్నుంచీ అంతా క్షేమం అనడానికి ఓకే అంటున్నామంట. కింద యథావిధిగా రెండు దణ్ణాలు, ఒక జెండా. పిన్ని "ఎంత మంచి విషయం" అంది, ఇంకో నలుగురు బొటనవేళ్లు చూపించారు.

నేను కూడా ఒకప్పుడు ఇది నమ్మినదాన్నే, దాచుకోవడం ఎందుకు. కథ బాగుంది మరి, కన్నీళ్లు కూడా వస్తాయి. కానీ ఒక్క తేదీ దగ్గర మొత్తం కూలిపోతుంది. అమెరికా అంతర్యుద్ధం మొదలైంది 1861లో. ఓకే అన్న మాట అంతకు 22 ఏళ్ల ముందే, 1839 మార్చి 23న, బోస్టన్‌లో ఒక పేపర్లో అచ్చయి ఉంది, అర్థంతో సహా. కొడుకు పుట్టిన తర్వాత తండ్రి పుట్టాడన్నట్టు ఉంది ఈ ఫార్వర్డ్ లెక్క.

అసలు సంగతి ఏంటంటే ఓకే వెనకాల యుద్ధమూ లేదు, త్యాగమూ లేదు. ఒక పిచ్చి జోకు ఉంది. అది కూడా పెద్దగా నవ్వొచ్చే జోకేం కాదు.

మన చిన్నప్పటి ఎస్సెమ్మెస్ రోజులు గుర్తు తెచ్చుకోండి. 160 అక్షరాలు దాటితే రెండో మెసేజ్ కింద డబ్బులు కట్ అయిపోతాయని గుడ్ నైట్‌ని జీఎన్ అనీ, స్వీట్ డ్రీమ్స్‌ని ఎస్‌డీ అనీ, టేక్ కేర్‌ని టీసీ అనీ కుదించి పంపేవాళ్లం, తర్వాత తర్వాత డబ్బులతో పని లేకపోయినా అలా రాయడమే స్టైల్ అయిపోయింది, కావాలని స్పెల్లింగులు తప్పు రాసేవాళ్లం కూడా. 1838-39లో బోస్టన్ పేపర్లవాళ్లకి సరిగ్గా ఇదే పిచ్చి పట్టింది. ఏ మాట దొరికినా పొడి అక్షరాల్లోకి కుదించి రాయడం, పక్కనే దాని అర్థం ఇచ్చి నవ్వుకోవడం. "స్మాల్ పొటేటోస్" అంటే ఏ లెక్కలోకీ రానివాళ్లని, దాన్ని ఎస్.పి. అని రాసేవాళ్లు. అప్పులవాళ్లకి దొరక్కుండా ఊరొదిలి పారిపోయినవాణ్ణి "గాన్ టు టెక్సస్" అనేవాళ్లు, దానికి జి.టి. సరిపోయింది.

కొన్నాళ్లకి ఇది చప్పబడిపోయి, ఇంకో మెలిక పెట్టారు. చదువురానివాడు చెవికి వినబడింది వినబడ్డట్టు రాస్తే ఎలా ఉంటుందో అలా తప్పు స్పెల్లింగు రాసి, ఆ తప్పు స్పెల్లింగుకి పొడి అక్షరాలు పెట్టడం. "నో యూజ్" అన్న మాటని కె.వై. అని రాశారు, ఎందుకంటే నో అన్నదాన్ని "తెలుసు" అనే అర్థమొచ్చే ఇంకో నో స్పెల్లింగుతో రాశారు, అది కె తో మొదలవుతుంది. "ఇనఫ్ సెడ్" ని "నఫ్ సెడ్" అని కుదించి, సెడ్ ని సి తో రాసి ఎన్.సి. చేశారు. ఆల్ ని ఓ తో, రైట్ ని డబ్ల్యూ తో రాస్తే "ఆల్ రైట్" ఓ.డబ్ల్యూ. అయింది. అదే వరసలో "ఆల్ కరెక్ట్" వచ్చింది. సరిగ్గా రాస్తే ఏ.సి. అవ్వాలి. కానీ ఆల్ ని ఓ తో, కరెక్ట్ ని కె తో తప్పుగా రాసి ఓ.కె. చేశారు. అంటే "అంతా కరెక్టే" అని చెప్పే రెండు అక్షరాల్లో ఒక్కటీ కరెక్ట్ కాదు, జోకు అంతే. వాళ్లు గనక స్పెల్లింగు సరిగ్గా రాసి ఉంటే ఈ రోజు మనం "ఏం ఏసీనా?" "ఆ ఏసీ" అనుకుంటూ తిరిగేవాళ్లం.

మొదటిసారి అచ్చయిన చోటు బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పేపరు, ఎడిటర్ పేరు చార్లెస్ గోర్డన్ గ్రీన్. ఆ వార్త కూడా వింతే. భోజనాల వేళకి గంటలు మోగించకూడదని బోస్టన్ నగర పాలకులు ఒక రూల్ పెడితే దాన్ని వెక్కిరించడానికి కొంతమంది చమత్కారులు ఒక సంఘం పెట్టుకున్నారు, గంటలు మోగాలి అనేవాళ్ల సంఘానికి పేరేమో గంటల వ్యతిరేక సంఘం. వీళ్లు ఏదో న్యూయార్క్ యాత్రకి వెళ్తున్నారని ప్రావిడెన్స్ ఊరి పేపరు ఒక మాట రాస్తే, గ్రీన్ గారు దానికి జవాబుగా, వీళ్లు గనక తిరుగు ప్రయాణంలో మీ ఊరి మీదుగా వస్తే ఖర్చంతా ఎడిటర్ గారే పెట్టుకోవాలి, సీసాల బిరడాలు నిప్పురవ్వల్లా పైకి ఎగరాలి అని ఎగతాళి చేశారు. ఆ వాక్యం మధ్యలో ఓ.కె. అని చిన్న అక్షరాల్లో పెట్టి, పక్కనే "ఆల్ కరెక్ట్" అని అర్థం ఇచ్చారు. అంతే. ప్రపంచంలో ఎక్కువమంది పలికే మాటల్లో ఒకటి ఇలా రెండో పేజీలో, పక్క ఊరి ఎడిటర్ని ఏడిపించే వాక్యంలో పుట్టింది.

ఇక్కడ అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. కె.వై. పోయింది, ఎన్.సి. పోయింది, ఓకే కి అన్న వరసయ్యే ఓ.డబ్ల్యూ. కూడా పోయింది. మన టీసీ, ఎస్‌డీ ఎలా పోయాయో అలాగే ఇదీ పోవాలి కదా, మరి ఇదొక్కటే ఎలా బతికింది? ఎక్కడ పుట్టిందో అందరూ చెప్తారు గానీ నాకు మాత్రం ఎలా చావలేదన్నదే ఎక్కువ ఇంట్రెస్టింగ్.

జవాబు ఎన్నికలు. మనకి బాగా తెలిసిన సబ్జెక్టే.

1840లో అమెరికా అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. పదవిలో ఉన్న మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేస్తున్నాడు. ఆయన 1782లో న్యూయార్క్ రాష్ట్రంలో కిండర్‌హుక్ అనే ఊళ్లో పుట్టాడు, అందుకని అభిమానులు ఆయన్ని ముద్దుగా "ఓల్డ్ కిండర్‌హుక్" అనేవాళ్లు, మనం నాయకుణ్ణి ఊరి పేరుతో పిలుచుకున్నట్టే. ఓల్డ్ కి ఓ, కిండర్‌హుక్ కి కె. అప్పటికే పేపర్లలో తిరుగుతున్న ఓకే తో ఇది అచ్చంగా అతికిపోయింది. న్యూయార్క్‌లో ఆయన పార్టీ కుర్రాళ్లు ఓకే క్లబ్ అని ఒకటి పెట్టేశారు. మా నాయకుడు ఓకే, ఆయన ఉంటే అంతా ఓకే, ఒకే దెబ్బకి రెండు అర్థాలు. క్లబ్ వాళ్లు ఊరికే కూర్చునే రకం కూడా కాదు, అవతలి పార్టీ మీటింగుల మీదకి ఓకే అని అరుచుకుంటూ పడిపోయేవాళ్లు. జోకు కాస్తా నినాదం అయింది, నినాదం కాస్తా రణకేక అయింది.

అవతలి విగ్ పార్టీ ఊరుకుంటుందా, ఆ రెండక్షరాలనే పట్టుకుని తిరగేసింది. 1837లో దేశం ఆర్థికంగా కుప్పకూలి ఉంది, బ్యాంకులు మూతబడ్డాయి, జనం చేతిలో డబ్బుల్లేవు. ఓకే అంటే "ఔట్ ఆఫ్ క్యాష్" అన్నారు, క్యాష్ ని కూడా కె తోనే రాసి. పరపతి పోయింది, పరువు పోయింది, ఒంటి మీద బట్టలు కూడా పోయాయి అంటూ అన్నింటినీ కె లోకి లాగారు. చివరికి వాన్ బ్యూరెన్ చిత్తుగా ఓడిపోయాడు, విలియం హెన్రీ హారిసన్‌కి 234 ఎలక్టోరల్ ఓట్లు వస్తే ఈయనకి వచ్చింది 60. (గెలిచిన హారిసన్ పదవిలోకి వచ్చిన నెల రోజులకే చనిపోయాడు, అది ఇంకో కథ.) నాయకుడు పోయాడు గానీ మాట మాత్రం దేశమంతా తెలిసిపోయింది. డబ్బులు పెట్టి చేయించినా అంత పబ్లిసిటీ రాదు.

ఇదే ఎన్నికల్లో ఇంకొకటి కూడా జరిగింది, నా ఉద్దేశంలో ఓకే పుట్టుక ఇంత చిక్కుముడి అవ్వడానికి కారణం ఇదే. వాన్ బ్యూరెన్‌కి గురువు లాంటివాడు, ఆయనకి ముందు అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్. పెద్దగా బడి చదువు లేని మనిషి. ఆయన్ని ఏడిపిస్తే ఈయన్ని ఏడిపించినట్టే కాబట్టి, జాక్సన్ గారికి స్పెల్లింగు రాదు, అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఫైళ్ల మీద "ఆల్ కరెక్ట్" అని రాయబోయి తప్పులు రాసి ఓ.కె. అని పొడి అక్షరాలు పెట్టేవాడు అని న్యూయార్క్ పేపర్లో కథ అల్లి వదిలారు. పూర్తిగా కల్పన. కానీ జనం నమ్మేశారు, నమ్మకుండా ఎలా ఉంటారు, ఏడాది కిందటి బోస్టన్ జోకు ఎవరికి గుర్తుంటుంది, స్పెల్లింగు రాని ప్రెసిడెంటు అంటే ఎవరికైనా గుర్తుంటుంది. ఆ అబద్ధం అసలు పుట్టుకని కప్పేసింది, తర్వాత తరాలవాళ్లకి "ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఏమో" అన్న ఖాళీ మిగిలింది. ఖాళీ ఉంటే కథలు పుడతాయి. టెనెస్సీలో 1790 నాటి ఒక కోర్టు రికార్డులో జాక్సన్ పేరు పక్కన ఓకే అని రాసి ఉందని కొన్నాళ్లు గొప్పగా చెప్పుకున్నారు, తీరా సరిగ్గా చూస్తే అది ఓ.కె. కాదు, ఓ.ఆర్., "ఆర్డర్ రికార్డెడ్".

ఆ కథల్లో కొన్ని చూద్దాం. గ్రీకులు మాది అంటారు, వాళ్ల భాషలో "ఓలా కాలా" అంటే అంతా బాగుంది అని. స్కాట్లాండ్ వాళ్లకి "ఓహ్ ఐ" ఉంది, అంటే "ఓ, అవును" అని. హైతీలో ఒక రేవు పేరు ఫ్రెంచిలో "ఓ కాయ్" లా వినబడుతుంది, అక్కడి రమ్ బాగుంటుంది కాబట్టి బాగున్నదల్లా ఓకే అయిందని ఇంకొకరు. ఒబడయా కెల్లీ అనే సరుకుల ఏజెంటు బిల్లుల మీద పొడి అక్షరాలు పెట్టేవాడని ఇంకో కథ. వీటిలో కాస్త గట్టివి రెండు. ఒకటి చోక్టా అనే అమెరికా మూలవాసుల భాషలో "ఓకే" లా పలికే మాట, "అది అంతే" అన్న అర్థంలో. ప్రెసిడెంట్ వుడ్రో విల్సన్ ఈ వాదాన్ని ఎంత నమ్మాడంటే ఫైళ్ల మీద ఆ చోక్టా స్పెల్లింగుతోనే రాసేవాడు. రెండోది పశ్చిమ ఆఫ్రికా వోలోఫ్ భాషలోని "వావ్ కే", బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చి ఉంటుందని. బానిసల మాటలు ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి రుజువు లేదు గనక అబద్ధం అని కొట్టిపారేయడం అన్యాయమే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ కాగితం మీద దొరికే గొలుసు మాత్రం ఆ దారిలో లేదు.

సౌండు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు అనడానికి మనకి ఇంట్లోనే ఉదాహరణ ఉంది. తెలుగులో "ఒకే" అన్న మాట ఉందా లేదా? ఒకే మాట, ఒకే బాట. రేపు ఎవరైనా కూర్చుని, ఓకే అన్నది తెలుగు "ఒకే" నుంచే పుట్టింది, ఇద్దరూ ఒకే మాట మీదకి వచ్చారని అర్థం, ఓడల్లో మన మచిలీపట్నం నుంచి వెళ్లింది అని ఒక ఫార్వర్డ్ తయారుచేస్తే సౌండూ సరిపోతుంది, అర్థమూ సరిపోతుంది, గ్రీకు వాళ్లదాని కంటే బాగా సరిపోతుంది. దయచేసి ఎవరూ పంపకండి. నాలుగు దిక్కుల మొదటి అక్షరాలు కలిపితే న్యూస్ అయింది అని స్కూల్లో చెప్పిన అబద్ధాన్నే ఇంకా వదిలించుకోలేకపోతున్నాం, అది నిజానికి న్యూ అన్న మాటకి బహువచనంగా వచ్చింది, అంతే, కొత్త సంగతులు.

ఈ చిక్కుముడి విప్పినాయన పేరు అలెన్ వాకర్ రీడ్, కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్. 1941లోనే ఆయన ఓల్డ్ కిండర్‌హుక్ దాకా వెళ్లాడు, 1840 ఎన్నికల కాగితాలు బయటపెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు అందరం వాన్ బ్యూరెన్ నుంచే పుట్టిందనుకునేవాళ్లం. ఆయన ఆగలేదు. పాత పేపర్లు తిరగేస్తూ వెనక్కి వెనక్కి వెళ్లి, 1963, 64లో అమెరికన్ స్పీచ్ అనే పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు, బోస్టన్ 1839 అందులో బయటపడింది. ఆయన గొప్పతనం ఒక్క ముక్క దొరకబుచ్చుకోవడం కాదు, దాని చుట్టూ ఉన్న ఓ.డబ్ల్యూ., కె.వై. లాంటి చచ్చిపోయిన తోబుట్టువులన్నింటినీ తవ్వి తీయడం. వాటిని చూడకుండా ఓకే ని ఒక్కదాన్నే చూస్తే అది జోకు అని ఎవరికీ తట్టదు. కంప్యూటర్లో వెతుక్కునే రోజులు కూడా కావు అవి, పాత పేపరు కాగితాలు చేత్తో తిప్పుకుంటూ చేసిన పని.

ఎన్నికలయ్యాక ఓకే ని నిలబెట్టింది టెలిగ్రాఫు. 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ మధ్య మోర్స్ లైను వేశారు, ఆ తర్వాత రైల్వేలన్నీ దాని మీదే నడిచాయి. అవతలి స్టేషన్ నుంచి మెసేజ్ చేరిందని కబురు రావాలి, అది చిన్నగా ఉండాలి, ఇంకో మాటతో కలిసిపోకూడదు. రెండక్షరాల ఓకే అతికినట్టు సరిపోయింది. అక్కడే దాని మీద ఉన్న వెకిలితనం పోయి ఆఫీసు గౌరవం వచ్చిందనుకుంటాను. మనకీ రైల్వే నుంచి ఇలాంటిదే ఒకటి వచ్చింది చూడండి, "లైన్ క్లియర్". పెళ్లికి పెద్దలు ఒప్పుకున్నా లైన్ క్లియరే.

కంప్యూటర్లోకి వచ్చిన కథ మాత్రం చెప్పకుండా ఉండలేను. 1983లో వచ్చిన ఆపిల్ లీసా తయారవుతున్న రోజుల్లో స్క్రీన్ మీద బటన్ పైన ఓకే లేదు, "డూ ఇట్" అని ఉండేది, అంటే కానివ్వు అని. మామూలు జనాన్ని కూర్చోబెట్టి టెస్ట్ చేస్తుంటే ఒకాయనకి చిరాకొచ్చింది. ఏంటని అడిగితే, నేనేం మొద్దుని కాదు, ఈ మెషిన్ నన్ను మొద్దు అని ఎందుకు తిడుతోంది అన్నాడంట. రెండు మాటలూ దగ్గరగా ఉండి, పెద్ద "ఐ" అక్షరం చిన్న "ఎల్" లాగా కనిపించి, ఆయన దాన్ని "డోల్ట్" అని చదివాడు, ఇంగ్లీషులో డోల్ట్ అంటే మొద్దు. దాంతో తీసేసి ఓకే పెట్టారు. ఇప్పుడు రోజుకి ఎన్నిసార్లు నొక్కుతున్నామో చూసుకోండి.

చేత్తో చూపించే ఓకే గుర్తు జోలికి ఎక్కువ వెళ్లను, బొటనవేలూ చూపుడువేలూ కలిపిన ఆ సున్నా జపాన్‌లో డబ్బుల గుర్తు, బ్రెజిల్‌లో బూతు.

ఇంతకీ ఓకే అంటే అర్థం ఏంటి? "బాగుంది" అని కాదు. సినిమా ఎలా ఉందంటే "ఓకే" అన్నామంటే ఆ సినిమాకి వెళ్లొద్దనే లెక్క. "అవును" అని కూడా కాదు. నీ మాట నా చెవిన పడింది, నాకు అభ్యంతరం లేదు, ముందుకి పోదాం, అంతవరకే. మన భాషలో ఈ పని ఎప్పట్నుంచో రెండు మాటలు చేస్తున్నాయి. ఒకటి "ఊఁ". కథ చెప్తుంటే ఊ కొడతాం, ఊ కొట్టినంత మాత్రాన రాకుమారుడి గుర్రం ఎగిరిందని నమ్మినట్టు కాదు కదా. రెండోది "సరే". ఇది చూస్తే నాకు భలే ముచ్చటేసింది, సరే అంటే సరి అన్నదానికి ఏ చేర్చిందే, సరి అంటే ఒప్పు, తప్పుకి ఎదురు. అంటే "కరెక్టే" అని. బోస్టన్ వాళ్లు "ఆల్ కరెక్ట్" నుంచి ఎక్కడికి చేరారో మనం ఏ జోకూ, ఏ ఎన్నికలూ లేకుండానే అక్కడికే చేరాం. సరే అన్న ప్రతివాడూ నువ్వు చెప్పింది కరెక్టని ఒప్పుకోడు, "సరేలే" అన్నాడంటే అసలు ఒప్పుకోలేదనే అర్థం.

సరే ఉండగా మళ్లీ ఓకే ఎందుకు అని కొంతమంది భాషాభిమానులకి కోపం వస్తుంది. నాకైతే రెంటికీ వేరు వేరు పనులు ఉన్నట్టు అనిపిస్తుంది. సంబంధం ఓకే అయింది అంటాం, సరే అయింది అనం. సార్ ఫైల్ ఓకే చేశారు అంటాం. ఓకేనా, ఓకేలే, ఓకేగా, ఓకే మరి, తెలుగు తోకలన్నీ తగిలించేశాం దానికి. ఒకసారి అంటే ఒప్పుకోలు, రెండుసార్లు నెమ్మదిగా "ఓకే ఓకేగా ఉంది" అంటే అంతంత మాత్రం, అదే రెండుసార్లు గబగబా అంటే అర్థమైంది ఇంక ఆపు అని. ఇంక వాట్సాప్‌లో ఓ కూడా తీసేసి ఒక్క "కె" పంపేవాళ్లున్నారు, పెళ్లాం మొగుళ్ల మధ్య ఆ ఒక్క అక్షరానికి ఎంత అర్థం ఉంటుందో తెలిసినవాళ్లకి తెలుసు.

మా అమ్మమ్మకి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. బోస్టన్ ఎక్కడుందో తెలీదు, ఆవిడ పెద్ద మనవరాలు ఉండేది అక్కడికి రెండు గంటల దూరంలోనే అయినా సరే. వీడియో కాల్‌లో మాటలన్నీ అయిపోయాక "ఓకే అమ్మా, ఉంటా మరి" అంటుంది. అని పెట్టదు. వేడిగా ఏమన్నా తిన్నావా అని అడుగుతుంది. మళ్లీ "ఓకే మరి" అంటుంది. మంచు పడుతోందా అంటుంది. నాలుగో ఓకే తర్వాత ఫోన్ ఎవరో ఒకరు ఆవిడ చేతిలోంచి తీసుకుని కట్ చెయ్యాల్సిందే, ఎర్ర బటన్ ఎక్కడుందో ఆవిడకి ఇంకా అలవాటు కాలేదు.